అనుమతి లేకుండా గుడ్లు పెట్టుట

పొట్నూరు జోగారావు ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో తప్పు వాక్యం ఒక్కటి కూడా రాయలేదు. ఒప్పు వాక్యం రాశాడా అంటే అదీ చెప్పలేం. ఆయన రాసిన నోటు ఎన్నిసార్లు చదివినా ఆయన ఔనన్నాడో కాదన్నాడో ఎవరికీ తెలిసేది కాదు. 'పరిశీలించదగినదిగా భావించుటకు అవకాశము కలదు' అన్నది ఆయనకు బాగా ఇష్టమైన ముగింపు. దాని కింద ఏ అధికారైనా నిశ్చింతగా సంతకం పెట్టొచ్చు. రేపు ఏం జరిగినా అది ఎవరి మీదికీ రాదు. ఆ పనితనం వల్లే గ్రామీణ పాలనా శిక్షణ కేంద్రంలో సూపరింటెండెంటుగా ఆయనకు మంచి పేరుండేది. ఆ పేరంటే ఆయనకు కొంచెం మోజు కూడా ఉండేది.

ఆ కేంద్రం విజయనగరం వైపు, బొడ్డవలస పొలిమేరలో, జీడిమామిడి తోటల పక్కన ఉంది. పంచాయతీ కార్యదర్శులు, గుమస్తాలు వచ్చి పది రోజులుండి, పాలన ఎలా చెయ్యాలో నేర్చుకుని వెళ్ళేవారు. నేర్పేవాళ్ళలో ఎవరూ పాలన చేసి ఎరగరు గనక పాఠాలు ఏ అడ్డూ లేకుండా సాగిపోయేవి.

ఆ ఏడు డైరెక్టర్ చక్రధర్ గారు ఏదో సదస్సుకు వెళ్ళి పెరటి కోళ్ళ మీద భక్తితో తిరిగొచ్చారు. అంతకు ముందు ఏడు వానపాముల మీద, ఆ ముందు ఏడు చిరునవ్వుతో పాలన మీద ఇలాగే వచ్చారు. చిరునవ్వు నవ్వనందుకు అప్పట్లో ఇద్దరు సంజాయిషీ కూడా ఇచ్చుకున్నారు. ఆ సంజాయిషీలు రాసిపెట్టింది జోగారావే.

"జోగారావు గారూ, పల్లె ఆర్థిక వ్యవస్థ అంతా పెరట్లో ఉందండీ. మనమేమో వరండాలో వెతుకుతున్నాం" అన్నారు డైరెక్టర్ గారు. "మన కేంద్రం పెరట్లో ఓ సజీవ నమూనా యూనిట్ నిలబెట్టాలి. ట్రైనీలు పొద్దున్నే దాన్ని చూడాలి. చూసి, ఆ గుడ్డే తినాలి."

ఆగస్టులో ఇరవై నాలుగు కోళ్ళు వచ్చాయి. వాటిలో ఒకటి పుంజు. క్యాంటీను వెనక రేకుల షెడ్డు వేసి, వరిగడ్డి పరిచిన తట్టలు పెట్టారు. చూసుకునే పని అసిరితల్లికి అప్పగించారు. అసిరితల్లి పదకొండేళ్ళ నుంచి అక్కడ రోజుకూలి మీద ఊడ్చేది, మొక్కలకు నీళ్ళు పోసేది. ఆమెను పర్మనెంటు చేసే ఫైలు మూడో ఏడుగా జోగారావు బల్లమీదే ఉంది. ఆ ఫైలు 'పరిశీలించదగినదిగా' ఉంది.

సెప్టెంబరు నాటికి కోళ్ళు రోజుకు పదహారు గుడ్లు పెట్టసాగాయి. డైరెక్టర్ గారు మురిసిపోయి, షెడ్డు ముందు నల్లబోర్డు పెట్టించి, రోజువారీ అంకె రాయించారు. హెడ్డాఫీసుకు ఉత్తరం రాయమన్నారు. జోగారావు రాశాడు. కోళ్ళు ఇన్ని, గుడ్లు ఇన్ని అన్నాక ఉత్తరం బోసిగా కనిపించింది. వృద్ధి లేని ఉత్తరం ఆయన సర్వీసులో ఎప్పుడూ పైకి పోలేదు. కలం ఒక క్షణం గాల్లో ఆడించి, 'సదరు ఉత్పత్తిని నెలనెలా పది శాతము చొప్పున పెంపొందించగలమని సవినయముగా హామీ ఇచ్చుచున్నాము' అని చేర్చాడు. చదువుకుంటే ఉత్తరానికి నిండుదనం వచ్చింది. డైరెక్టర్ గారు సంతకం పెట్టారు. కోళ్ళను ఎవరూ అడగలేదు.

అక్టోబరు మామూలుగానే గడిచింది. నవంబరులో పొద్దున్నే మంచు దిగడం మొదలైంది. గుడ్లు పన్నెండయ్యాయి. ఆ తర్వాత ఎనిమిది. డిసెంబరు మొదటి వారానికి నాలుగు. కోళ్ళ మెడలు బోసిపోయి, షెడ్డు నిండా ఈకలు ఎగురుతున్నాయి.

జోగారావు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని వెళ్ళి చూశాడు. "ఏమైంది అసిరితల్లీ వీటికి? జబ్బా?"

"జబ్బేటి బాబూ! పొద్దు పొట్టైపోనాది కదా. పాత ఈకలు రాల్సుకుంటన్నాయి. కొత్తవి రావాలి, ఒంట్లో సత్తువ దానికే సాలదు, ఇంక గుడ్డేటి పెడతాది? మాగం ఎల్తే మల్లీ పెడతాయి. అందాకా ఒగ్గేయండి."

పశువుల డాక్టరు కూడా వచ్చి, అదే మాట కొంచెం శుభ్రమైన తెలుగులో చెప్పాడు. పగటి వెలుగు తగ్గితే గుడ్లు తగ్గుతాయనీ, చీకటి పడ్డాక మూడు గంటలు ఒక బల్బు వేస్తే కొన్నైనా పెడతాయనీ, లేకపోతే రెండు నెలలు ఓపిక పట్టమనీ చీటీ రాసిచ్చాడు. జోగారావు చీటీని డైరెక్టర్ గారి ముందు పెట్టాడు.

"చలికాలమా?" అన్నారు చక్రధర్ గారు. "మనం హెడ్డాఫీసుకి రాసిన ఉత్తరంలో చలికాలం ప్రస్తావన ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"మరి కోళ్ళకి ఎలా తెలిసింది?"

జోగారావు చీటీని మళ్ళీ ఫైల్లో పెట్టాడు. నేరుగా జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు.

అయినా డైరెక్టర్ గారు మూర్ఖులేం కారు. బల్బు కోసం ఇంజినీరింగ్ విభాగానికి రాయించారు. పదకొండు రోజులకు జవాబొచ్చింది. 'మానవ నివాసము లేని కట్టడములకు విద్యుద్దీపము మంజూరు చేయుటకు నిబంధనలు అనుమతించవు. సదరు షెడ్డునందు ఒక ఉద్యోగి కోళ్ళతో సహా నివసించుచున్నట్లు ధ్రువీకరణ పత్రము జతపరచిన యెడల పునఃపరిశీలించబడును.' ఆ వారమే కేంద్రంలో విద్యుత్తు పొదుపు వారోత్సవం జరుగుతోంది. డైరెక్టర్ గారు స్వయంగా తిరిగి, ఉన్న బల్బుల్లోనే కొన్ని తీయించారు.

బల్బు పోయాక మిగిలింది పర్యవేక్షణ. ప్రతి కోడి కాలికీ నంబరు వేసిన రేకు తొడిగారు. ఏ నంబరు ఏ రోజు పెట్టిందో తెలిసేలా వ్యక్తిగత రిజిస్టరు తెరిచారు. వారం తిరక్కుండానే పద్నాలుగో నంబరు ఆగస్టు నుంచి ఒక్క గుడ్డూ పెట్టలేదని బయటపడింది. డైరెక్టర్ గారు దాని చుట్టూ ఎర్ర సిరా సున్నా చుట్టారు. 'పదునాలుగవ నంబరు పుంజు అయి ఉన్నందున' అని జోగారావు వివరణ రాశాడు.

"పుంజైతే మాత్రం ఏమండీ? యూనిట్‌లో సభ్యుడే కదా. తన వంతుగా ఏం చేస్తున్నాడో రాయండి."

'ఉదయము ఐదు గంటలకు సిబ్బందిని మేల్కొలుపుచున్నది' అని రాశాడు జోగారావు. అది అంగీకరించబడింది.

గుడ్లు మూడుకు దిగాయి. అప్పుడు డైరెక్టర్ గారు ఇద్దరు సభ్యుల కమిటీ వేశారు. ఒకరు జోగారావు, రెండోవారు గణాంకాలు చెప్పే ముకుందం మాస్టారు. లావుపాటి కళ్ళద్దాలు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. లెక్క ఇస్తే చేసేవాడు, లెక్క ఎందుకని అడిగేవాడు కాదు. హామీ ఇచ్చిన ప్రకారం నవంబరు మొదటి తేదీ నుంచి రావలసిన గుడ్లు లెక్కకట్టి, వాటిలోంచి వచ్చిన గుడ్లు తీసేసి, తేడా ఆరువందల పదకొండు అని తేల్చాడు. అక్కడ దాకా అది ఉత్త తీసివేత. జోగారావు దాన్ని నోటులోకి ఎక్కిస్తూ, 'తేడా' అన్న మాట మరీ పొట్టిగా ఉందని, 'జాడ తెలియని గుడ్లు' అని రాశాడు.

డైరెక్టర్ గారు ఆ మాట దగ్గర ఆగిపోయారు. "జాడ తెలియకపోవడమేమిటి? అంటే ఎక్కడో ఉన్నాయన్నమాట. షెడ్డు ఎవరి అప్పగింతలో ఉంది?"

అలా ఒక్క మాటతో అసిరితల్లి దొంగైంది. విచారణాధికారిగా, భాషాపటిమ దృష్ట్యా, జోగారావునే వేశారు.

మర్నాడు అసిరితల్లి ఆయన గదిలోకొచ్చి తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమంటే నేలమీద కూర్చుంది. జోగారావు ప్రశ్నల కాగితం సర్దుకున్నాడు.

"నీ పేరు?"

"నా పేరు మీకు తెల్దేటి బాబూ?"

"రికార్డు కోసం. సరే, రాసుకున్నాను. ఆరువందల పదకొండు గుడ్ల జాడ తెలియడం లేదని కమిటీ తేల్చింది. అవి ఎక్కడున్నాయి?"

"అవి కోడి కడుపులోంచి రానేదు కదు బాబూ. రాని గుడ్డు ఏటని సూపించగల్ను?"

జోగారావు రాశాడు. అలవాటుగా పైకి చదివాడు. "సదరు గుడ్లు ఎక్కడ ఉన్నవో ఆమె చెప్పలేకపోయినది."

"నాను సెప్పినాను కదేటి?"

"చెప్పావు. కానీ నువ్వు చెప్పింది రాయడానికి ఇందులో గడి లేదు అసిరితల్లీ. ఇక్కడ 'ఉన్నచోటు' అని ఒక గడి ఉంది, 'తీసుకున్నవారు' అని ఒక గడి ఉంది. అంతే."

ఆమె కాసేపు ఆ కాగితం వైపే చూసింది. ఆమెకు చదువు రాదు. "పదకొండేళ్ళు నాను ఈ ఆపీసులో సీపురట్టినాను బాబూ. సిత్తుకాయితం కూడా ఇంటికి అట్టుకెల్నేదు. ఇప్పుడు గుడ్ల దొంగని రాసెత్తే, మా ఊర్లో ఏ మొకం ఎట్టుకు తిరగాల?"

ఏడవలేదు. ఏడ్చి ఉంటే 'తప్పు ఒప్పుకొనినది' అని రాయమని డైరెక్టర్ గారు అనేవారేమో. జోగారావు కలానికి మూత పెట్టి, ఆమెను వెళ్ళమన్నాడు.

ఫైలు మీద డైరెక్టర్ గారు ఇలా రాశారు: 'ఉత్పత్తి నెలాఖరులోగా సాధారణ స్థితికి వచ్చినచో ఉదారముగా వ్యవహరించవచ్చును. రానిచో ఆమెను తొలగించి, పర్మనెంటు జాబితా నుండి పేరు కొట్టివేయవలెను.'

సాయంత్రం ఇంటికి వెళ్ళి జోగారావు భార్య సుభాషిణికి సంగతంతా చెప్పాడు. వాళ్ళది ఆవరణలోనే ఉన్న క్వార్టరు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విని, ఒక్కటే అడిగింది.

"నెలకి పది శాతం మాట ఎవరు రాశారండీ?"

"డైరెక్టర్ గారు సంతకం పెట్టారు."

"సంతకం సంగతి కాదు. రాసిందెవరు?"

జోగారావు మజ్జిగ అడిగాడు.

చలికాలంలో కోళ్ళు పెట్టవు అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఆ వాక్యం కోసం ఆయన మర్నాడంతా కూర్చున్నాడు. 'ఋతుపరమైన కారణములు ఉండి ఉండవచ్చునేమోనని' దాకా వచ్చి ఆగాడు. కలం అంతకంటే ముందుకు పోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పక్కకే నడిచిన కలం, ఇప్పుడు ముందుకు నడవమంటే ఎలా నడుస్తుంది? కాబట్టి ఆయన అంతకంటే తేలికైన దారి చూసుకున్నాడు. సంతకు వెళ్ళి గుడ్లు కొన్నాడు.

"నాటుగుడ్లు కరువు బాబూ, సలికాలం కదా" అంది అమ్మేది, గంపలో అడుగున ఉన్నవి తీస్తూ. "ఏటో, మీ ఆపీసోలు ఇయే కావాలంటన్నారు. కల్లజోడు బాబు కూడా నాలుగు అట్టుకెల్నాడు."

జోగారావు ఆ మాట చెవిన వేసుకోలేదు. గుడ్లు చితక్కుండా క్యారేజీలో గడ్డి పరవడం గురించి ఆలోచిస్తున్నాడు.

తెల్లారి ఐదున్నరకు ఆయన మఫ్లరు చుట్టుకుని క్యారేజీతో బయలుదేరాడు. వీధి గుమ్మంలో సుభాషిణి ముగ్గు వేస్తోంది. "అందరూ ఆఫీసునుంచి ఇంటికి పట్టుకొస్తారు. ఇంట్లోంచి ఆఫీసుకి మోసే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది. అని, క్యారేజీ మూత సరిగ్గా పట్టిందో లేదో చూసి పంపింది.

ఆయన నాలుగు తట్టల్లో నాలుగు గుడ్లు పెట్టి వచ్చేశాడు. కోళ్ళవి ఎలాగూ మూడుంటాయి, మొత్తం ఏడవుతాయి, ఉన్నట్టుండి పెరిగితే అనుమానం వస్తుందని ఆయన జాగ్రత్త. పదింటికి బోర్డు మీద పదకొండు అని ఉంది.

జోగారావు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు కూడా నాలుగే పెట్టాడు. బోర్డు మీద పద్నాలుగు.

"చూశారా?" అన్నారు డైరెక్టర్ గారు వెలిగిపోతూ. "విచారణ మనుషుల మీదే కాదండీ, పక్షుల మీద కూడా పనిచేస్తుంది. జవాబుదారీతనం అంటే ఇదే." వెంటనే ఒక సర్క్యులర్ జారీ చేశారు: ఇకపై ఏ రోజు ఉత్పత్తీ ముందు రోజు కంటే తగ్గరాదు, తగ్గినచో సంరక్షకురాలు బాధ్యత వహించవలెను. డ్రాఫ్టు జోగారావుదే. చేయి దానంతటదే రాసేసింది.

అప్పుడైనా ఆయన అనుమానపడి ఉండాల్సింది. పడలేదు. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ఆయన నమ్మాడు. తన ప్రశ్నావళిలో కోళ్ళను కూడా కదిలించే బలం ఏదో ఉందనుకున్నాడు. తను పెట్టిన నాలుగు గుడ్లు చూసి మిగతా కోళ్ళకు రోషం వచ్చిందనుకున్నాడు. ఉత్సాహం పట్టలేక ఆరు పెట్టాడు. ఒక సాయంత్రం సుభాషిణితో, "ఎక్కడ చెయ్యి వేసినా కలిసి రావడం అందరికీ ఉండదోయ్" అన్నాడు కూడా. ఆవిడ లోపలికి వెళ్ళి గిన్నెలు గట్టిగా కడిగింది.

ఇరవై. ఇరవై నాలుగు. డిసెంబరు ఇరవై ఎనిమిదిన ఇరవై నాలుగు కోళ్ళు ముప్ఫై ఒక్క గుడ్లు పెట్టాయి.

ఎవరూ ఉలిక్కిపడలేదు. ముకుందం మాస్టారిని పిలిచి శాతం కట్టమన్నారు. ఆయన వంచిన తల ఎత్తకుండా, పుంజును కూడా కలిపి, నూట ఇరవై తొమ్మిది అని చెప్పాడు. మధ్యాహ్నానికల్లా ఆ అంకె హెడ్డాఫీసుకు చేరింది. సాయంత్రానికి జవాబు: ఈ అద్భుత పద్ధతిని మిగతా అన్ని కేంద్రాలలో ప్రవేశపెట్టే నిమిత్తం అదనపు కమిషనరు విశాలాక్షి గారు ఎల్లుండి పరిశీలనకు వచ్చుచున్నారు.

మర్నాడు జోగారావు అరగంట ముందే వెళ్ళాడు. కోళ్ళు గుడ్డు పెట్టడం కళ్ళారా చూడాలని ముచ్చటపడ్డాడు. మంచులో దారి సరిగ్గా కనిపించడం లేదు. షెడ్డు తలుపు తీసే ఉంది.

లోపల ముకుందం మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళజోడు పెట్టె తెరిచి ఉన్నాడు. అందులో కళ్ళజోడు లేదు, దూదిలో పొదిగిన రెండు గుడ్లున్నాయి. మరో రెండు అప్పటికే తట్టలోకి చేరాయి. ఆయన పక్కన డైరెక్టర్ గారి డ్రైవరు ఒక అట్ట ట్రే పట్టుకుని నిలబడ్డాడు. ట్రేలో డజను ఫారం గుడ్లు, టీ డికాషన్లో ముంచి తీసినట్టు గోధుమరంగులో ఉన్నాయి. ఒకటి రెండింటికి రంగు చారలు చారలుగా దిగింది. మూల అసిరితల్లి వంగి, కొంగు ముడి విప్పుతోంది. జోగారావు చేతిలో క్యారేజీ ఉంది.

నలుగురూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఈకలు రాలిన కోళ్ళు దండెం మీదనుంచి నలుగుర్నీ చూశాయి.

"నేను... ఆ ఆరువందల పదకొండూ నేను చేసిన లెక్కే కదండీ" అన్నాడు ముకుందం, నేల చూపులు చూస్తూ. "ఈవిడ మీదికి వస్తుందని తెలీక చేశాను. నిద్ర పట్టలేదు."

"సారే పంపించారండి" అన్నాడు డ్రైవరు. "హెడ్డాఫీసుకి మాటిచ్చేశాం, ఎలాగోలా చూడరా అన్నారు."

జోగారావు అసిరితల్లి వైపు తిరిగాడు. "నువ్వెందుకు పెడుతున్నావు?"

"మీరే కదా బాబూ రాసినారు, ముందురోజు కన్నా తగ్గితే నా మీదికొస్తాదని!" అంది ఆమె. కొంగులో ఆరు గుడ్లున్నాయి. "మొదట్లో నాలుగెడితే సరిపోయీది. ఎడదామని వస్తే తట్టల్లో ముందే ఏయో ఉండీవి. మాయో మంత్రమో తెల్దు, బోర్డు మీద అంకె పెరిగిపోతన్నాది. రేపు ఆ మాయ ఆగిపోతే అంతా నానే కదా ఎట్టాల? అందుకని ఓటీ ఓటీ పెంచుకొచ్చినాను. మా ఇంటి కోళ్ళూ పెట్టట్లేదు. ఊర్లో అడుక్కొస్తన్నాను బాబూ. మా మనవరాలు పురిటి మంచం మీదున్నాది, దానికి దాసిన గుడ్లు కూడా తెచ్చి ఇక్కడెట్టినాను."

జోగారావు క్యారేజీ కింద పెట్టాడు. ఆయనకు లెక్కలు రావు గానీ ఈ లెక్క అర్థమైంది. తను జాలిపడి రహస్యంగా పెట్టిన ప్రతి గుడ్డూ బోర్డెక్కి, ఈమె మర్నాడు అడుక్కోవలసిన గుడ్డైంది. బాలింత నోటి దగ్గరి గుడ్డు తీయించింది తన దయ. తనేమో తన చేతి చలవ అనుకుని పెళ్ళాం ముందు గొప్పలు పోయాడు.

"అన్నీ పట్టుకెళ్ళిపో" అన్నాడు. "ఆ పిల్లకి పెట్టు. రేపు ఎవరూ ఏమీ తేవద్దు."

"రేపు అమ్మగారొస్తన్నారట కదు?"

"అందుకే."

గదిలోకి వెళ్ళి విచారణ నివేదిక తీశాడు. ఈసారి పది నిమిషాలు పట్టింది. 'చలికాలంలో కోళ్ళు గుడ్లు తక్కువ పెడతాయి. మాఘం తర్వాత మళ్ళీ పెడతాయి. ఆరువందల పదకొండు గుడ్లు ఎవరూ తీయలేదు. అవి నా డ్రాఫ్టులో పుట్టాయి. ఈ మధ్య పెరిగిన గుడ్లు పెట్టింది నేను. అసిరితల్లి తప్పేమీ లేదు.' సంతకం పెట్టి, సిరా ఆరకముందే డైరెక్టర్ గారి గదికి పట్టుకెళ్ళాడు.

డైరెక్టర్ గారు చదివి, కాగితాన్ని దూరంగా పట్టుకుని మళ్ళీ చదివారు. "ఇదేమిటండీ? ఇందులో ఏం చెప్పారో నేరుగా తెలిసిపోతోంది. ఇలా రాస్తే ఎలా?"

"తెలియాలనే రాశానండి."

"ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని..." అని ఆగి, ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు. "మా డ్రైవరు..."

"డ్రైవరు పేరు ఇందులో లేదండి. ఎవరి పేరూ లేదు, నాది తప్ప."

చక్రధర్ గారు ఊపిరి వదిలి, నివేదిక మీద 'చూచితిని' అని మాత్రం రాశారు.

అదనపు కమిషనరు విశాలాక్షి గారు పదకొండింటికి వచ్చారు. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో నోటుపుస్తకం. షెడ్డులో బోసిమెడల కోళ్ళు ఎండలో ముడుచుకుని కూర్చున్నాయి. తట్టల్లో మూడు గుడ్లున్నాయి. ఆవిడ వాటిని చూసి, బోర్డు మీద ఇంకా చెరపని ముప్ఫై ఒకటిని చూసి, నివేదిక చదివారు.

"రోజుకి ఇరవై ఎనిమిది గుడ్లు మీరొక్కరే పెట్టారా?"

"అవునండి" అన్నాడు జోగారావు.

వెనక ముకుందం మాస్టారు దగ్గాడు. డైరెక్టర్ గారు ఆకాశం వైపు చూశారు. విశాలాక్షి గారు అసిరితల్లి వైపు తిరిగి, "ఏమ్మా, మళ్ళీ ఎప్పుడు పెడతాయి?" అని అడిగారు.

"మాగం ఎల్నాక అమ్మగారూ."

"మా పుట్టింట్లోనూ అంతే అనేవాళ్ళు" అన్నారు ఆవిడ. ఆ మాట ఆవిడ నోటుపుస్తకంలో రాసుకోలేదు. రాయడానికి ఆవిడ పుస్తకంలోనూ గడి లేదేమో. పుస్తకం మూసి, "ఎవరో ఒకరి మీద చర్య తీసుకోకుండా ఈ ఫైలు మూయడం కుదరదు జోగారావు గారూ" అన్నారు మెల్లగా.

"నా మీద తీసుకోండి."

"అదే అనుకుంటున్నాను."

మూడు వారాలకు మెమో వచ్చింది. కొత్తగా చేరిన గుమస్తా ఎవరో రాసినట్టుంది, వ్యాకరణం అంత బాగా లేదు. జోగారావు ఇంటికి తీసుకొచ్చి సుభాషిణికి చదివి వినిపించాడు. "'సూపరింటెండెంటు స్థాయి ఉద్యోగి, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా, కార్యాలయ వేళలకు పూర్వము, రోజునకు ఇరవై ఎనిమిది చొప్పున గుడ్లు పెట్టుట తీవ్రముగా పరిగణించడమైనది. మరియు కోళ్ళను సంప్రదించకనే వాటి తరఫున హామీ ఇచ్చుట...'"

సుభాషిణి మెమో ఆయన చేతిలోంచి లాక్కుని తనే చదివింది. చదివి, గోడకు జారబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇరవై ఎనిమిదే! ఒక్క పూటలో! నాకు చెప్పనైనా లేదు!"

"రావలసిన ఆఫీసర్ ప్రమోషన్ పోయింది" అన్నాడు జోగారావు.

"పోతే పోయింది. మొన్న రాసినట్టు ఇంకో నాలుగు ముక్కలు రాస్తే ఉన్న ఉద్యోగమూ పోతుంది" అని కళ్ళు తుడుచుకుంది. "అన్నం పెడతాను, రండి."

ఆయనకు లోపల కొంచెం కలుక్కుమంది. ఆఫీసర్ కుర్చీ మీద ఆశ అంత తేలిగ్గా పోయేది కాదు. మర్నాడు అసిరితల్లి ఫైలు తీసి, 'పరిశీలించదగిన' అన్న చోట గీత కొట్టి, 'పర్మనెంటు చేయాలి' అని రాసి పైకి పంపాడు. ఆ రెండు ముక్కలకు ఎంత సిరా ఖర్చవుతుందని మూడేళ్ళు ఆపాడో ఆయనకే అర్థం కాలేదు.

ఫిబ్రవరి చివర్లో, ఎండ వరండాలోకి రావడం మొదలైన రోజుల్లో, అసిరితల్లి గబగబా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"బాబూ! నిన్నటి కాణ్ణుంచి మల్లీ పెడతన్నాయి. ఈ పొద్దు..."

జోగారావు చెయ్యెత్తాడు. "ఎన్నో చెప్పకు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సెప్పన్లెండి. వొచ్చి సూడండి పోనీ."

వెళ్ళాడు. కోళ్ళకు కొత్త ఈకలు వచ్చి నిగనిగలాడుతున్నాయి. ఎడమవైపు తట్టలో ఒక కోడి ఒళ్ళంతా బిగించుకుని కూర్చుని ఉంది. తలెత్తి ఆయనను ఒకసారి చూసి, మళ్ళీ తన పనిలో పడింది. పని చేసుకుంటున్న వాళ్ళ ఎదుట నిలబడాలంటే జోగారావుకు మొదటినుంచీ కాస్త బెరుకు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, మెల్లగా వెనక్కి వచ్చేశాడు.